ఎడమకి లాగే బండి

“అదిగో, మళ్ళీ! తిప్పు, తిప్పు, కుడికి తిప్పు!”

లెక్కల మాస్టారి కేకకి మెకానిక్ షెడ్డు ముందు పడుకున్న కుక్క లేచి పరుగందుకుంది. కారు ఫుట్‌పాత్‌కి జానెడు దూరంలో ఆగింది. స్టీరింగ్ ముందు కూర్చున్న ఆయన భార్య చెమట తుడుచుకుంది.

“నేనేం చేశానండీ? అదే ఎడమకి లాగుతోంది.”

“నా చేతిలో లాగనిది నీ చేతిలోనే ఎందుకు లాగుతుందట?”

“అది కనుక్కుందామనేగా ఇక్కడికొచ్చాం!”

మాస్టారు కారు దిగుతూనే తీర్పు చెప్పేశాడు. “చూడవయ్యా, లోపం బండిలో ఉంటే బాగుచెయ్యి. బండిలో లేదంటే మా ఆవిడ డ్రైవింగులో ఉన్నట్టే. అప్పుడిక తాళాలు నా జేబులోనే ఉంటాయి.”

ఆవిడకి సోమవారం నుంచి కొత్త ఉద్యోగం. ఊరి చివర పాల ఫ్యాక్టరీలో, పాలు పరీక్షించే ల్యాబులో. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండాలి, ఆ దారిన బస్సులు తిరగవు. కారు తాళాలు లేవంటే ఉద్యోగం కూడా లేనట్టే.

మెకానిక్ నెమ్మదస్తుడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, “కంగారుపడకు చెల్లెమ్మా. బండి ఊరికే లాగదు, ఏదో కారణం ఉంటుంది. ఒక్కొక్కటీ చూసేద్దాం,” అన్నాడు.

టైర్లలో గాలి చూశాడు. అన్నిట్లోనూ సరిగ్గానే ఉంది. జాకీ పెట్టి లేపి, చక్రాలు చేత్తో తిప్పాడు. ఏ బ్రేకూ పట్టేయడం లేదు. చక్రాల అలైన్‌మెంట్ చూశాడు. వెంట్రుకవాసి తేడా కూడా లేదు. ఒక్కోటి అయినప్పుడల్లా మాస్టారు “నేను చెప్పానా?” అనడం, ఆవిడ మొహం ఇంకాస్త ముడుచుకుపోవడం! ఆఖరికి రోడ్డే ఓ పక్కకి వాలి ఉందేమోనని, మెకానిక్ ఒక్కడే కారెక్కి అటూ ఇటూ నడిపి చూశాడు. గీత గీసినట్టు పోయింది, గీత గీసినట్టు వచ్చింది.

“ఇప్పుడు మీరు నడపండి మాస్టారూ. చెల్లెమ్మ పక్కన కూర్చుంటుంది, నేను వెనక కూర్చుంటాను.”

మాస్టారు నడిపాడు. కారు ఇసుమంతైనా పక్కకి పోలేదు. దిగి మీసం మెలేశాడు.

“ఇప్పుడు నువ్వు నడుపు చెల్లెమ్మా. మాస్టారు పక్కన కూర్చుంటారు, నేను వెనకే ఉంటాను.”

ఆవిడ దేవుణ్ణి తలుచుకుని బయల్దేరింది. పాతిక గజాలు వెళ్ళిందో లేదో, కారు ఎడమకి జరగడం మొదలెట్టింది. “చూశావా! కళ్ళారా చూశావుగా!” అని మాస్టారు సీట్లోనే ఎగిరినంత పని చేశాడు.

“చూశాను,” అన్నాడు మెకానిక్. కాసేపు తల గోక్కున్నాడు. “మాస్టారూ, మీరొక్కసారి దిగాలి.”

“నేనెందుకయ్యా?”

“బరువు తేడా ఏమైనా ఉందేమో చూడాలండీ.”

మాస్టారు గొణుక్కుంటూ దిగి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. పక్కసీటు ఖాళీ. ఆవిడ మళ్ళీ బయల్దేరింది. వంద గజాలు, రెండొందల గజాలు. కారు ఎటూ లాగలేదు! మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి ఆవిడకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

“ఏంటి, ఇదంతా నా బరువా?” మాస్టారు పొట్ట లోపలికి లాక్కున్నాడు.

“బరువు కాదండీ, మీ మొహం!” మెకానిక్ నవ్వాడు. “గేరు మార్చినా, హారన్ కొట్టినా, చెల్లెమ్మ ప్రతిదానికీ మీ మొహంలోకి చూస్తోంది. సరిగ్గా చేసిందో లేదో మీ మొహం చూస్తేగానీ ఆవిడకి తెలీదు. తల ఎటు తిరిగితే చేతులు అటే పోతాయి, చేతులతోపాటు బండీ పోతుంది. పక్కనున్న మనిషిని మాటిమాటికీ చూస్తే ఏ బండైనా ఆ మనిషివైపే లాగుతుంది మాస్టారూ. సోమవారం ఒక్కర్తినే పంపండి, పూచీ నాది.”

కారులోంచి తాళాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని గట్టిగా గుప్పిట పట్టుకుని, పట్టలేక నవ్వేసింది.

మాస్టారు మాత్రం ఓడిపోయాక ఊరుకునే రకం కాదు.

“బాగుందోయ్! రోడ్డు చూడకుండా మొగుడి మొహం చూస్తూ బండి నడుపుతారా ఎవరైనా? నన్ను చూసి నేర్చుకో. పదకొండేళ్ళుగా నా పక్కనే కూర్చుంటున్నావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారైనా బండి నీవైపు లాగిందా?”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. మొగుణ్ణి ఎగాదిగా చూసి, మెకానిక్ వైపు తిరిగింది.

“అన్నా, ఇంకొక్క రిపేరు మిగిలిపోయింది. ఈయన నడిపేటప్పుడు బండి కాస్త ఎడమకి లాగేలా చెయ్యగలవా?”