పొడుగు లెన్సు

“డ్రోన్ వద్దన్నా,” అన్నాడు అరుణ్, దాని పెట్టెను మళ్లీ బీరువాలోకి నెడుతూ.

“మంథనిల పెండ్లి. పక్కన్నే గోదారి. డ్రోన్ లేకుండ పోతవా?” కుమార్ పెట్టెను మళ్లీ బయటికి లాగాడు.

“పెండ్లి ఇంటి ముందట పందిట్లనే. మీదికెల్లి తీస్తే టెంటు బట్ట తప్ప ఏం కనవడది.”

కుమార్ పెట్టె మీంచి చెయ్యి తీయలేదు. ఇరవై రెండేళ్లుగా కరీంనగర్‌లో ఫొటో స్టూడియో నడుపుతున్న మనిషి. మొహం చూస్తే లోపల ఏముందో చెప్పేయగలనని గట్టి నమ్మకం. ఏ పెళ్లిలో ఏ వియ్యపురాలు అలగబోతోందో ముందే పసిగట్టి కెమెరా సిద్ధం చేసుకున్న రోజులున్నాయి.

అరుణ్ బల్ల మీద సర్దుకున్న సరంజామా చూస్తే ఆయనకు ఒళ్లు మండింది. ఒక కెమెరా, రెండు బ్యాటరీలు, పొడుగు లెన్సు. అంతే. లైట్లు వద్దట. స్టూడియో పేరున్న టీషర్టు వద్దట. కారు వద్దట, పెద్దపల్లి మీదుగా బస్సులో పోతాడట. తోడు ఎవరూ అక్కర్లేదట.

“పొట్టి లెన్సేది?” అడిగాడు కుమార్.

“పొడుగుదే సాలన్నా. పందిరి చివర్ల నిలవడ్డా పెండ్లిపిల్ల కంట్ల నీళ్లు సుత దొరుకుతయ్.”

“నువ్వు పోయేది పెండ్లికా, అడివిల పులిని తీసెతందుకా? తలంబాలు మన కాలర్ల పడాలె. గప్పుడే అది పెండ్లి ఫొటో.”

“నాకు అంత దగ్గరికి పోవుడు నచ్చదన్నా.”

పోయిన నెల జగిత్యాల పెళ్లిలో పంతులు ఒళ్లో కూర్చున్నంత పని చేసింది వీడే. ఇప్పుడు దగ్గరికి పోవడం నచ్చదట!

కుమార్ మనసులో ఒక్కొక్కటే కలుపుకున్నాడు. ఈ ఆర్డర్ ఇచ్చింది పెళ్లికూతురు నవ్యశ్రీ. స్టూడియోకు ఫోన్ చేసి, “మీ తాన అరుణ్ అని ఉన్నడట గద సార్, ఆయననే పంపుండ్రి, వేరేటోళ్లు వద్దు,” అంది. ఆమె తండ్రి హనుమండ్లుకు మంథనిలో రైసుమిల్లు ఉంది. ఫొటోలు బాగా వస్తే ఆ ఊళ్లో ఇంకో పది పెళ్లిళ్లు దొరుకుతాయి. చెడిపోతే ఇరవై రెండేళ్ల పేరు గంగలో కలుస్తుంది. అలాంటి పెళ్లికి స్టూడియో పేరు దాచుకుని, ఒంటరిగా, దొంగలా వెళ్లడమెందుకు?

విషయం తేటతెల్లమైంది. వీడు సొంత దుకాణం పెడుతున్నాడు. మంథనిని తన ఖాతాలో వేసుకుంటున్నాడు.

కుమార్‌కు మనసు చివుక్కుమంది. మూడేళ్ల కింద కొండగట్టు గుడిలో, పెద్దవాళ్లెవరూ లేకుండా రమను పెళ్లి చేసుకుని, ఒక్క సంచితో వచ్చాడు అరుణ్. ఇంటివాళ్ల సంగతి ఎత్తితే మాట మార్చేవాడు. కుమార్ కూడా తవ్వలేదు. పనిచ్చాడు, స్టూడియో మీది గది ఇచ్చాడు, సొంత తమ్ముడిలా చూసుకున్నాడు.

“నేను గూడ వస్త,” అన్నాడు కుమార్.

అరుణ్ చేతిలోంచి బ్యాటరీ జారిపడింది. “నువ్వెందుకన్నా పరేషాన్…”

“నాకేం పరేషాన్ లేదు. నీకే ఉన్నట్టు కనవడ్తుంది.”

బస్సు టైము కనుక్కోవడానికి అరుణ్ బయటికి వెళ్లగానే, కుమార్ సంచిలోంచి పొడుగు లెన్సు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. దాని చోట పొట్టి లెన్సు పెట్టి, బరువు తేడా తెలియకుండా రెండు ఫ్లాష్‌లు దూర్చాడు. దొంగ ఆటలు ఆడితే ఆడనీ, తన స్టూడియో ఫొటోలు మాత్రం తను చెప్పినట్టే రావాలి.

మర్నాడు పొద్దున మంథనిలో బస్సు దిగీ దిగగానే అరుణ్ టోపీ, మాస్కు తగిలించుకున్నాడు. దుమ్ము పడదట. పందిరి చివర కుర్చీల వెనక నిలబడి సంచి తెరిచాడు.

“అన్నా, పొడుగు లెన్సేది?”

“బీరువల ఉన్నది. నడువు ముందటికి.”

“నువ్వు తియ్యన్నా. నేను ఈడ్నే ఉంట. నీ కాళ్లు మొక్కుత.”

“నిన్ను గద పేరువెట్టి పిలిచింది! ముందుగాల ఆ మూతిది తియ్యి, అద్దం మసకవడ్తది.” కుమార్ తనే మాస్కు లాగేసి, వీపు మీద చెయ్యి వేసి మండపం దాకా నెట్టుకుపోయాడు.

అరుణ్ ఫొటోలు తీశాడు. నవ్యశ్రీ ఒకసారి తలెత్తి కెమెరా వైపు చూసింది. కళ్లు నిండిపోయాయి. కుమార్ భుజం మీదుగా తెర చూసి మురిసిపోయాడు. దగ్గర్నుంచి తీయడమంటే ఇదీ!

అప్పుడే హనుమండ్లు చూపు అరుణ్ మీద పడింది. పెద్దమనిషి మొహం నల్లబడింది.

పంతులు పేలాల పళ్లెం హోమం ముందుకు జరిపి, పెళ్లికూతురి దోసిట్లో పోయడానికి అన్నదమ్ముల వరసవాళ్లను రమ్మన్నాడు. చుట్టమొకడు లేచి వచ్చాడు. నవ్యశ్రీ దోసిలి పట్టలేదు. తల వంచుకుని అలాగే కూర్చుంది. పంతులు రెండుసార్లు చెప్పినా చేతులు చాచలేదు. కెమెరా మరీ మీదికొచ్చేసరికి పిల్ల బిడియపడుతోందని కుమార్‌కు అర్థమైపోయింది.

హనుమండ్లు కూతురిని చూశాడు. చాలాసేపు హోమం వైపు చూశాడు. చివరికి అరుణ్ వైపు తిరిగి, “ఆ కెమెరా పక్కన వెట్టు,” అన్నాడు.

అంతే అనుకున్నాడు కుమార్. ఆర్డర్ పోయింది. మంథని పోయింది. అయినా నలుగురిలో పిల్లవాడు మాట పడుతుంటే కుమార్ ఊరుకోలేకపోయాడు. చేతులు జోడించి ముందుకొచ్చాడు.

“తప్పు నాది సార్. పిలగాడు దూరంకెల్లే తీస్తనన్నడు. నేనే బలవంతంగ దగ్గరికి తోలిన.”

అరుణ్ కెమెరా తెచ్చి కుమార్ చేతుల్లో పెట్టి, వెళ్లి చెల్లెలి దోసిట్లో పేలాలు పోశాడు.