కోటు జేబులో ఉన్నది

అయ్యా, నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తప్పులూ ఉంటాయి. మన్నించి చదువుకోండి.

చర్చిలో చలికోట్లు పోగుచేస్తున్నారని, మోచేతుల దగ్గర చిరిగిన నా పాత కోటు ఇచ్చి రమ్మంది మా ఆవిడ. అబ్బాయి కొనిపెట్టిన కొత్త కోటు వేసుకుని వెళ్ళాను. పాతది తొడుక్కుని వచ్చాను.

"నలభై ఏళ్ళు దర్జీపని చేశారు. కొత్తదేదో పాతదేదో తెలియలేదా?" అంది.

"ఉక్కగా ఉంటే విప్పి పక్కన పెట్టానే. కళ్ళజోడు లేక ఒకటివ్వబోయి ఇంకొకటిచ్చాను."

"అయితే వెళ్ళి మార్చుకు రండి."

"ఇచ్చాక ఏ మొహం పెట్టుకుని అడగను?"

"మతిమరుపు మనిషితో చస్తున్నాను" అంటూ ఇప్పుడు మంచం కింద కళ్ళజోడు వెతుకుతోంది.

అసలు సంగతి మీకొక్కరికే చెబుతున్నాను. చర్చిలో ఆ పెట్టెలోవి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. అన్నీ గుండీలు ఊడినవి, జేబులు తెగినవి. నా చేతిలోదీ ఆ జాతే. ప్రభువుకే చలేస్తే ఇవే కప్పుతామా అనిపించింది. కళ్ళజోడు తీసి అలవాటుగా జేబులో పెట్టుకుని, ఒంటిమీది కొత్తది విప్పి ఇచ్చేశాను. అబద్ధమాడినందుకు ప్రభువును క్షమించమన్నాను. మా ఆవిడను అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

ఆ కోటే ఇప్పుడు మీ ఒంటిమీద ఉంది. కోటు మీదే. లోపలి జేబులో చూసి, కళ్ళజోడు మాత్రం ఈ కార్డు ఇచ్చిన పాస్టరుగారి చేతికివ్వండి. మా ఇంటికి తేవద్దు, దొరికిపోతాను.

త్వరగా జవాబు రాయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా.