సేటుకే పాస్‌వర్డా!

"నా మిల్లుల నన్నే ఎవరని అడుగుతదా నీ కంప్యూటర్? సదువుకున్నవా, గాడిదలు గాసినవా?"

సూర్యాపేట ఆఫీసులో ల్యాండ్‌లైన్ ఎత్తిన ప్రవళిక చెవి అదిరింది. వెనక మిర్యాలగూడ మిల్లు మోత. ఆ మోతలో గొంతు సరిగా వినబడకపోయినా తిట్లు మాత్రం ఒక్కటీ పొల్లుపోలేదు.

బియ్యం లారీ మిల్లు గేటు దాటాలంటే ఇప్పుడు వెబ్‌పేజీలో పేరు, పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పేజీ రాసింది ప్రవళికే. ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు బస్తాలు దాటిస్తున్నారని మిల్లు యజమాని కాశీరాం సేటే రాయించాడు. "మరిచిపోతే నేనడిగినా ఫోన్ల కొత్తది ఊకె ఇయ్యొద్దు" అన్నదీ ఆయనే. మరిచేది ఆయన, తిట్లు తనకా అని ఆమెకు ఒళ్లు మండింది.

"మీరే వచ్చి కొత్తది పెట్టుకోవాలె సార్. మీరే చెప్పిన్రు."

"లారీలు ఎండల నిలబడ్డయి! పెడ్తవా, ఇంటికి పోతవా?"

ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. ప్రవళిక రిసీవర్‌ను చేత్తో మూసి పక్క బల్ల వైపు చాపింది.

సేటు కొలువులోనే తల నెరిసిన అకౌంటెంట్ దానియేలు రిసీవర్‌కు చెవి ఆనించి నవ్వాడు. "గీ తిట్లు మన సేటువే బిడ్డా. గిట్ల ఇంకెవరు తిడ్తరు? ఇచ్చెయ్."

కొత్త పాస్‌వర్డ్ పెట్టి చెప్పింది. అవతల ఫోన్ ఠక్కున పెట్టేశారు. కాసేపటికి తెర మీద లారీల గేటు పాసులు వరసగా పచ్చబడ్డాయి.

ప్రవళికకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధ కాదు, కోపం.

"జీతమిస్తే ఎన్ని మాటలైనా పడాల్నా అంకుల్? ముఖం మీదనే అడుగుత."

"కడుపుల పెట్టుకో బిడ్డా."

"అందరు కడుపుల పెట్టుకునే ఆయన నోరు గట్ల తయారైంది!"

మధ్యాహ్నం కాశీరాం కారు దిగి లోపలికి వచ్చాడు. దానియేలు వద్దని సైగ చేస్తున్నా ప్రవళిక లేచి ఎదురు నిలబడింది.

"తీసేస్తే తీసెయ్యున్రి సార్. గాడిదలు గాసినవా అంటరా నన్ను? పాస్‌వర్డ్ మరిచింది మీరు. పెట్టిచ్చినంక మంచి మాట గూడ లేదు. ఇంకోసారి ఫోన్ల గట్ల అంటే పడేది లేదు!"

 కాశీరాం ఆమెను, దానియేలును మార్చి మార్చి చూశాడు.

"నేనెప్పుడు ఫోన్ చేసిన?"