కత్తి పడని ఒళ్లు

“ఆ బోనం కింద పెట్టు చంద్రమ్మా,” అన్నాడు బస్తీ పెద్ద నర్సయ్య, వీధి మొగలో అడ్డంగా నిలబడి.

డప్పులు ఆగిపోయాయి. వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడే నిలిచిపోయారు. మాదాపూర్ బస్తీలో మొదటి బోనం చంద్రమ్మ అత్తగారి కాలం నుంచీ ఆ ఇంటిదే. ఆ మర్యాద కాస్తా నడివీధిలో, అందరి ముందూ పోయేలా ఉంది.

“ఎందుకు పెట్టాలె కాకా?”

“నడుముకు ఆపరేషన్ చేయించుకున్నవా లేదా? కత్తి పడ్డ ఒళ్లు అమ్మవారి ముంగట పనికిరాదు. అదొకటి. నడుమ తొవ్వల కూలబడి బోనం పడేస్తివనుకో, బస్తీకే అరిష్టం. ఈసారి నీ తోడికోడలు ముంగట నడుస్తది.”

తోడికోడలు అప్పుడే కొంగు సర్దుకుంటోంది. చంద్రమ్మకు ఒళ్లు మండింది. టవర్ కట్టే చోట కంకర తట్టలు మోసీ మోసీ ఆమె నడుము పడిపోయిన మాట నిజమే గానీ, నోరు పడిపోలేదు.

“కత్తి అంటవేంది కాకా? చిన్న బెజ్జం జేసి, అందుల గొట్టం పెట్టి, నరాన్ని వత్తుతున్న ముక్క తీసేసిండు డాక్టర్. కండలు కొయ్యలే, నెత్తురు ఎక్కియ్యలే. తెల్లారే ఆటో దిగి నా కాళ్ల మీద నేను నడుసుకుంట ఇంట్లకొచ్చిన. కాలు గుంజుడు ఆ దినమే పాయె. బోనం ఎత్తొచ్చా అని మొన్న మళ్ల పోయి అడిగిన. నిమ్మళంగ ఎత్తుకొమ్మన్నడు.”

“నాకు చెప్తున్నవా? వెన్నుపూస ఆపరేషన్ అంటే వీపంత నిలువున కోస్తరు. నెలలకు నెలలు మంచం దిగనియ్యరు. మా బావమరిదిని చూడలేదా?”

నర్సయ్యకు తెలియని సంగతి ఈ లోకంలో లేదు. ఎదురుగా లేస్తున్న టవర్ మొదటి వానకే కూలుతుందని చెప్పింది కూడా ఆయనే. వానలు పడ్డాయి, టవర్ నిలబడే ఉంది, ఆయన మాత్రం మాట మార్చుకోలేదు.

“నమ్మకపోతే చూపిస్త. చెన్నవ్వా, జర ఇటు రా.”

చంద్రమ్మ బోనాన్ని పక్కనున్న రాతి అరుగు మీద పెట్టింది. ఆడవాళ్లు నాలుగు పక్కలా కొంగులు అడ్డం పట్టారు. ముసలి చెన్నమ్మ నడుమంతా ఓసారి తడిమింది. మళ్లీ తడిమింది.

“ఏడుందే? ఆఁ, దొరికింది. గోరంత ఉన్నది. నా చెయ్యి మీది టీకా మచ్చ దీనికన్న పెద్దగున్నది.”

డప్పుల వాళ్లతో సహా అందరూ నవ్వారు, నర్సయ్య తప్ప.

“గోరంతైనా కత్తి కత్తే. అగో, మన పోతరాజును చూడు. పుట్టినసంది కత్తి మొఖం ఎరగని ఒళ్లు. అసొంటోని వెనక నిన్నెట్ల నడిపియ్యాలె?”

అందరూ తిరుపతి వైపు చూశారు. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, భుజాన కొరడా. పోతరాజంటే అమ్మవారి తమ్ముడు. అతను కదిలితేనే ఊరేగింపు కదిలేది. తిరుపతి కొరడాను భుజం మీంచి దించాడు.

“అక్క బోనమెత్తితేనే నేను ఆడత,” అన్నాడు. “లేకుంటే ఇప్పుడే గజ్జెలు ఇప్పేస్త.”

నర్సయ్య పక్కకు జరిగాడు. డాక్టర్ నేర్పినట్టు చంద్రమ్మ నడుం వంచకుండా మోకాళ్లు వంచి, బోనాన్ని నెత్తికెత్తుకుని లేచింది. డప్పులు మళ్లీ మోగాయి.

టవర్ పక్క రోడ్డంతా తిరుపతి ఎగిరెగిరి ఆడుతుంటే, అతని వెనకే ఆమె నిటారుగా నడిచింది. బోనం మీది దీపం మలగలేదు, బోనం ఒక పక్కకు ఒరగలేదు. గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అందరి కళ్లూ తన మీదే. పెళ్లినాడు కూడా చంద్రమ్మకు ఇంత గర్వం కలగలేదు.

నర్సయ్యే ఎదురొచ్చి బోనం దించాడు. “బాగనే మోసినవ్ బిడ్డా,” అన్నాడు, చేదు మందు మింగినట్టు. వెంటనే జనం వైపు తిరిగాడు. “ఏమన్న అనుండ్రి, కత్తి పడని ఒళ్లంటే మాత్రం తిరుపతిదే. చూసిండ్రా ఆ ఎగురుడు?”

ఆట ముగిశాక పోతరాజు ఒళ్లు చల్లబరిచేది మొదటి బోనం ఎత్తిన ఆడపడుచే. చంద్రమ్మ బిందెడు నీళ్లు తెచ్చి, రాయి మీద కూర్చున్న తిరుపతి భుజాల మీద నిదానంగా పోయసాగింది. అతను తల తిప్పకుండానే, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

“జర నడుము మీద పొయ్యకక్కా, పసుపు కారితే మచ్చ బయటపడ్తది. నువ్వు ఆటో దిగి నడుసుడు జూసినంకనే నాకు ధైర్యమొచ్చింది, అత్తగారింటికని చెప్పి పోయి ఆ డాక్టర్‌తోనే చేయించుకున్న.”