పైడిరాజు ఊ కొట్టాడు

ఆ రోజుల్లో సగం జీతం కంపెనీ వాటాలుగానే వచ్చేది. అందుకే వాటాల కేసుల కోర్టు నోటీసులూ పాలప్యాకెట్లలా రోజూ వచ్చేవి. వాటిని వంటింటి గోడే చదివి వినిపించేది.

బస్సుల కంపెనీ మెకానిక్ పైడిరాజును గోడ వారం రోజులుగా ఒకటే అడుగుతోంది: "బ్యాటరీల లోపం దాచి మీ కంపెనీ వాటాదారులను ముంచింది. అందరూ కలిసి వేస్తున్న కేసులో మీరూ చేరతారా?"

చేరితే వాటాల్లో పోయినదాంట్లో కొంతైనా తిరిగొస్తుంది. కానీ కంపెనీ మూతపడితే ఉద్యోగమే పోతుంది. ఈ ఉదయమూ గోడ అడిగి, జవాబు కోసం కాచుకుంది. అతను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

భార్య గౌరీశ్వరి వంకాయలు తరుగుతూ చెల్లెలి కాపురం సంగతులు చెబుతోంది. అతను అలవాటుగా "ఊ... ఊ..." అంటున్నాడు.

"మీ అంగీకారం నమోదైంది," అంది గోడ.

"ఓర్నాయనో! నానెప్పుడు ఒప్పుకున్నాను? ఉత్తినే ఊ కొట్టానంతే!"

గౌరీశ్వరి కత్తిపీట మీంచి తలెత్తింది. "పాతికేళ్లుగా నాకు కొడతన్నదీ ఉత్తిదేనేటి?"

"కేసులోంచి తప్పుకుంటారా?" అంది గోడ.

పైడిరాజు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.