సొంత వాడకం

మందుల దుకాణం తలుపులు వాటంతట అవే మూసుకుని పావుగంటయింది. పొద్దున అనుమతి లేకుండా ఒక గర్భనిరోధక మాత్ర బయటికి పోయిందని అల్మరాలోని యంత్రం మధ్యాహ్నం లెక్కలో పట్టేసింది. మింగిన మనిషి పేరు ఫార్మసిస్టు గొంతుతో వినిపిస్తేనే తలుపులు తెరుచుకుంటాయి. ఆ మనిషికి మూడేళ్ల జైలు. చట్టం అదే.

ఫార్మసిస్టు హైమవతి దగ్గుమందు సీసాలు తుడుస్తూనే ఉంది. ఆమెలో భయం ఎప్పుడో మొద్దుబారింది. పొద్దున మాత్ర మింగిన కాలేజీ పిల్ల పేరు ఆమెకు తెలుసు.

"చెప్పండమ్మా, నాకూ అన్నం వేళయింది," అన్నాడు తనిఖీకి వచ్చి లోపలే చిక్కుకున్న ఇన్‌స్పెక్టర్.

"యంత్రం ఇంకేం అడగదుగా?"

"పేరొక్కటే. వయసూ గియసూ అక్కర్లేదు దానికి."

అరవై రెండేళ్ల హైమవతి గుడ్డ మడిచి పెట్టి, అల్మరా వైపు వంగింది.

"మింగింది కొర్లపాటి హైమవతి. సొంత వాడకం."