మీదే ఊరు నాయనా?

వినీల క్యారేజీ మూత తీసిన నిమిషానికే నార్వే నుంచి ఆ కబురొచ్చింది.

"అందరూ బయటపడ్డారు వినీలా." తెరమీద హెల్గా మొహం వెలిగిపోతోంది. "పరాయి దేశంలో ఆ బిల్డింగులో బందీలై, దొంగ ఫోన్లు చేస్తున్నవాళ్ళంతా. మీ తెలుగు అబ్బాయిలు రేపు పొద్దున గన్నవరంలో దిగుతారు."

వెనక హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ట్రైనీలు చప్పట్లు కొట్టారు.

వినీలకి చప్పట్లు కొట్టే ఓపిక కూడా లేదు. నవ్వి, కుర్చీలో వెనక్కి వాలింది.

విజయవాడలో వాళ్ళ కాలేజీ, నార్వేలో హెల్గా యూనివర్సిటీ కలిసి నడుపుతున్న సైబర్ సహాయ కేంద్రం అది. ఫోన్లలో మోసపోయినవాళ్ళు ఇక్కడికి ఫోన్ చేస్తారు. వాళ్ళకి జవాబు చెబుతూ ట్రైనీలు పని నేర్చుకుంటారు. పేర్లూ నంబర్లూ తీసేశాక ఆ రికార్డింగులు పరిశోధన కోసం నార్వే వెళతాయి.

పొద్దస్తమానం ఏడుపులు, శాపనార్థాలు. సాయంత్రానికి వినీలకి తన గొంతు తనకే వినబుద్ధి కాదు. కొత్త పెళ్ళికూతురన్న మాటేగానీ, ఇంటికెళ్ళి బెన్నీతో నాలుగు మాటలు మాట్లాడేలోపే నిద్ర ముంచుకొస్తోంది. పాపం, పొద్దున్నే లేచి బెండకాయ వేపుడు మాడబెట్టి క్యారేజీ కట్టింది అతనే. ఆ మాడు వాసనకే ఆమెకి ఇవాళ్టి మొదటి నవ్వు వచ్చింది.

"చోటు ఎలా కనుక్కున్నారు?" అడిగింది.

"మీరు పంపిన రికార్డింగుల్లోంచే. ఒక పెద్దావిడ ఉంది. తనకి ఫోన్ చేసే మోసగాడు ఏమేం అన్నాడో ప్రతిదీ మీకు చెబుతూ వచ్చింది. కిటికీలోంచి నది కనిపిస్తుందన్నాడట. సాయంత్రం పడవ కూత వినిపిస్తుందట. అవతలి ఒడ్డున పసుప్పచ్చ గోపురమట. అవన్నీ పటం మీద కలుపుకుంటూ పోయాం. మిగతాది రెండు దేశాల పోలీసులు చూసుకున్నారు."

వినీల చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మేడమ్," అన్నాడు ట్రైనీ చక్రి మెల్లగా. "పామర్రు మామ్మ."

సంపూర్ణమ్మ. చలికాలమంతా రోజూ ఫోన్ చేసేది, ఎక్కువగా వినీలే ఎత్తేది.

"ఆ అబ్బాయి మళ్ళీ చేశాడమ్మా."

"కట్ చేసెయ్యండి మామ్మగారూ. వాళ్ళతో మాట్లాడకూడదని చెప్పాం కదండీ."

"ఏ ఊరని అడిగా. హనుమాన్ జంక్షనంట. సాయిగణేష్ అంట పేరు. మనోడేనమ్మా."

"అన్నీ అబద్ధాలే చెబుతారండీ."

"ఆకలి గొంతు నాకు తెలీదా? పక్కన కాపలావాడుంటే, నేను పోలీసునంటా నన్ను బెదిరిస్తాడు. వాడటు పోగానే, మామ్మా ఇయ్యాల ఏం కూరంటాడు."

"సరేగానీ, మీ డబ్బేమన్నా పోయిందా?"

"అదలా ఉంచు తల్లీ. ముందు వీడి సంగతి చూడండి."

ట్రైనీలు పడీపడీ నవ్వేవారు. "మీదే ఊరు నాయనా?" అని చక్రి అచ్చం ఆవిడలాగే సాగదీసేవాడు.

మోసగాడితో మాట కలపకూడదు, ఏమీ అడగకూడదు, వెంటనే ఫోన్ పెట్టేయాలి. ట్రైనీలకి చెప్పే మొదటి పాఠం అదే. ఆ పాఠం రాసింది వినీల.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, లైన్లో మరో పదిమంది ఎదురుచూస్తుంటే, విసుగెత్తి మామ్మ నంబరు బ్లాక్ చేసిందీ వినీలే.

"ఒక్కటి అర్థం కాలేదు," అంటోంది హెల్గా. "వేసవిలో ఆవిడ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంకొన్నాళ్ళు వినబడి ఉంటే ఎప్పుడో వెళ్ళేవాళ్ళం. ఈలోగా అక్కడి కాపలావాళ్ళు సాయిగణేష్ చెయ్యి విరగ్గొట్టారు. ఆవిడకి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారు," అంది వినీల. "వినడానికి మాకే ఓపిక లేకపోయింది."

క్యారేజీ మూత పెట్టేసింది. నంబరు మీద బ్లాక్ తీసేసి, తనే ఫోన్ చేసింది.

"మామ్మగారూ, సైబర్ సెంటర్ నుంచి వినీలనండీ."

"నువ్వా తల్లీ. మీ ఫోను పాడైందేమో అనుకున్నా. ఎన్నిసార్లు చేసినా పలకదే. బాగుచేయించారా?"



"ఇప్పుడు బాగయిందండీ. సాయిగణేష్ వచ్చేస్తున్నాడు. రేపు పొద్దున గన్నవరంలో దిగుతున్నాడు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"వాళ్ళమ్మకి చెప్పారా?"

"చెబుతున్నారండీ. అతని చేతికి దెబ్బ తగిలింది మామ్మగారూ."

"అదీ సంగతి. ఈమధ్య ఫోన్ లేదేంటా అనుకుంటన్నా. ఏ చెయ్యి?"

వినీల తెర వంక చూసి ఇంగ్లీషులో అడిగింది. హెల్గా తన కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

"కుడిచెయ్యండీ."

"అయితే అన్నం కలిపి పెట్టాలి. చింతకాయ పచ్చడంటే ప్రాణమన్నాడు. తొలి బస్సుకి బెజవాడ వచ్చేస్తా, నన్నూ తీసుకెళ్ళు."

"తప్పకుండానండీ. కానీ దగ్గరివాళ్ళనే కలవనిస్తారట. మీరు అతనికి ఏమవుతారని చెప్పను?"

"ఏమవుతాను? మొహమన్నా చూళ్ళేదు," అంది సంపూర్ణమ్మ. "పోలీసునని భయపెట్టి బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడే, ఆ మామ్మ రేపు పచ్చడన్నం పట్టుకొస్తందని చెప్పు, వాడికి తెలుస్తుంది."